మిద్దె మీద గదిలో వాల్వ్ ఆంప్, హెవీ గిటార్ రికార్డింగ్: నా అనుభవం

హెవీ గిటార్ సౌండ్ అనగానే అందరి చెయ్యీ ముందు గెయిన్ నాబ్ మీదకే, అంటే గిటార్ సిగ్నల్‌ని పెంచి సౌండ్ చిరిగేలా చేసేదాని మీదకే పోతుంది. ఒంగోల్లో మా మిద్దె మీద 50 వాట్ల వాల్వ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్) పెట్టుకుని రికార్డ్ చేయడం మొదలెట్టాక నాకు తేలింది వేరే. ఆ బరువు గెయిన్‌లో లేదు. డిస్టార్షన్ (ఆ చిరిగిన కరుకు సౌండ్) పుట్టకముందే బాస్ (కింది స్వరాలు) ఎంత కోశాం, స్పీకర్ ముందు మైక్ ఎక్కడ పెట్టాం, ఒకే రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) రెండుసార్లు ఎంత ఒకేలా వాయించాం, అంతా ఈ మూడిట్లోనే ఉంది. మిగతాది కరెంటు, ఎండ, ఇరుగుపొరుగు. మన ఊళ్లల్లో సగం పని వాటితోనే సరిపోతుంది కాబట్టి అవి కూడా రాస్తున్నాను, చదివేవాళ్లకు అక్కడే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

నా ఆంప్ మార్షల్ జేసీఎం 800, 2204 మోడల్. ఈ సిరీస్ 1981లో వచ్చింది, జేసీఎం అంటే కంపెనీ పెట్టిన జేమ్స్ చార్లెస్ మార్షల్ పేరులోని పొడి అక్షరాలు. ఇదే సర్క్యూట్‌లో 100 వాట్లది 2203, 50 వాట్లది 2204. ముందు భాగంలో మూడు ఈసీసీ 83 వాల్వులు, పవర్ భాగంలో రెండు ఈఎల్ 34లు, ఒకే చానల్. ఎఫెక్ట్స్ లూప్ లేదు, రివర్బ్ లేదు, ఆరు నాబులు, అంతే. ఎనభైల మెటల్ చాలావరకు ఇలాంటి ఆంపులతోనే పుట్టింది. బెంగళూరులో ఒకాయన విదేశాలకు వెళ్లిపోతూ అమ్మితే కొన్నాను. ఆంప్ సౌండ్‌ని అనుకరించే మోడలింగ్ పెడళ్లు, సాఫ్ట్‌వేర్లు ఇంత బాగున్న రోజుల్లో ఇంత బరువు మిద్దె ఎక్కించడం ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. వేళ్ల కింద అది స్పందించే తీరు కోసం. గట్టిగా కొడితే మొరుగుతుంది, గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే శుభ్రపడుతుంది, నా చెయ్యి ఎంత బలంగా పడిందో అంతా తెలిసిపోతుంది. నాకు అది కావాలి.

కొన్నాక మొదటి పని లోపల ఎలా ఉందో చూపించడం. గిటార్ ఆంపులు బాగుచేసే మనిషి ఒంగోల్లో దొరుకుతాడని నేను అనుకోలేదు, కానీ మైక్ సెట్లు రిపేర్ చేసే పెద్దాయన ఒకరున్నారు, వయసులో ఉన్నప్పుడు వాల్వ్ రేడియోలు, సినిమా హాళ్ల ఆంప్లిఫయర్లు చూసిన చెయ్యి. వెనక జాలీ తీయగానే "ఇవి ఈఎల్ 34లే కదయ్యా, పాత మైక్ సెట్లలో ఇవే ఉండేవి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మొదట చేసిన పని కెపాసిటర్లలో మిగిలిన చార్జిని ఒక రెసిస్టర్ పెట్టి నేలకు దింపడం. ఈ ఆంపుల లోపల 400 వోల్టుల పైన డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో అది నిలిచే ఉండొచ్చు, కాబట్టి తెలియకుండా మూత విప్పితే మనిషే పోతాడు. ఆ తర్వాత బయాస్, అంటే ఏమీ వాయించనప్పుడు పవర్ వాల్వుల్లో ఎంత కరెంటు పారాలో ఆ సెట్టింగ్ చూశారు. ఒక్కో ఈఎల్ 34 భరించగలిగేది 25 వాట్లు, ఖాళీగా ఉన్నప్పుడు అందులో 60 నుంచి 70 శాతం మధ్య ఉండేలా పెట్టడం వాడుక. నాది 16 వాట్ల దగ్గర పెట్టి మూత బిగించేశారు. "ముందు పవర్ స్విచ్ వేసి, వాల్వులు వేడెక్కాకే స్టాండ్‌బై స్విచ్ వెయ్యి, తొందరపడొద్దు" అని చెప్పారు. ఇప్పటికీ ఒక నిమిషం ఆగే వేస్తాను.

ఇక కరెంటు. మా వీధిలో వోల్టేజ్ పొద్దున ఒకలా, రాత్రి అందరూ ఏసీలు వేశాక ఒకలా ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే వేసవి రాత్రుళ్లు 200 దగ్గరికి దిగడం, తెల్లవారుజామున 245 దాకా ఎక్కడం చూశాను. వాల్వ్‌ని వేడిచేసే ఫిలమెంట్‌కి కావాల్సింది 6.3 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ పైన ఎంత వస్తే కింద అదే నిష్పత్తిలో ఇస్తుంది కాబట్టి ఆంప్ వెనక వోల్టేజ్ సెలెక్టర్ 220 మీద ఉండి బయట 245 వస్తుంటే ఫిలమెంట్‌కి 7 వోల్టులు పోతాయి, వాల్వుల ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది. 200కి దిగితే ఇంకో బాధ, లోపలి హైవోల్టేజ్ కూడా పడిపోయి సౌండ్ మెత్తబడిపోతుంది, పొద్దున వచ్చిన టోన్ రాత్రికి రాదు. అందుకని సెలెక్టర్ 240 మీద పెట్టి, సర్వో స్టెబిలైజర్ కొన్నాను. మామూలు రిలే స్టెబిలైజర్ టక్కుమన్నప్పుడల్లా రికార్డింగ్‌లో చిన్న టిక్ పడుతుంది, సర్వోలో మోటారు మెల్లగా తిప్పుతుంది కాబట్టి ఆ గొడవ లేదు. ఖర్చే, కానీ వాల్వుల సెట్టు ధరతో పోలిస్తే గిట్టుబాటే. ఇన్వర్టర్ మీద మాత్రం ఆంప్ నడపను, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే స్పీకర్లో తేనెటీగల పట్టు కదిపినట్టు రొద వస్తుంది. కరెంటు పోతే ఆ పూటకి ఆపేయడమే.

ఎర్తింగ్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మా ఇంటి ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూసి ఎలక్ట్రీషియన్ తలూపాడు, గుంత మళ్లీ తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు మార్చి, నీళ్లు పోసే గొట్టం పెట్టాడు. ఆ తర్వాత హమ్ ఎంత తగ్గిందంటే అప్పటిదాకా నాయిస్ గేట్‌తో నేను నొక్కిపెట్టినదాంట్లో చాలాభాగం మా ఇంటి ఎర్తే అని తెలిసింది. ఎండాకాలంలో రెండు రోజులకోసారి ఆ గొట్టంలో బకెట్ నీళ్లు పోస్తాం. హమ్ పోతుందని కొందరు ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేస్తారు, దయచేసి ఆ పని చేయొద్దు. గిటార్ తీగలు కేబుల్ గుండా ఆంప్ చాసిస్‌కే కలిసి ఉంటాయి. లోపల ఏదైనా షార్ట్ అయితే ఆ కరెంటుకు ఎర్త్ దారి లేక మన చేతులగుండా పోతుంది. ఇంకా రొద ఉంటే ఫ్యాన్ రెగ్యులేటర్ చూడండి, మాకు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ తగ్గించి పెట్టినప్పుడల్లా గిటార్ పికప్‌లో గరగర వినపడేది. రికార్డింగ్ అప్పుడు ఫ్యాన్ ఎటూ ఆపాలి, రెక్కలు సౌండ్‌ని కోసి అల అలగా చేస్తాయి. ఒంగోలు మే నెలలో, ఫ్యాన్ లేని గదిలో, వేడి కక్కే వాల్వుల పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో అసలు పని పెట్టుకోను.

మిద్దె మీద రెండు గదులున్నాయి. మెట్ల పక్కది నాకు, కంప్యూటర్‌కి, ఆంప్ హెడ్‌కి (స్పీకర్ లేని ఆంప్ పెట్టె). లోపలి చిన్నది, పది అడుగులు పదకొండు అడుగులు, ఒక్క స్పీకర్ క్యాబ్‌కి (స్పీకర్లు బిగించిన పెట్టె). మధ్యలో గోడకు కన్నం పెట్టి స్పీకర్ కేబుల్, మైక్ కేబుల్ లాగాం. స్పీకర్ కేబుల్ అంటే స్పీకర్ కేబులే, గిటార్ కేబుల్ సన్నటిది, ఆ పవర్‌కి పనికిరాదు. నా క్యాబ్‌లో రెండు సెలెస్షన్ వింటేజ్ 30లు, ఒక్కోటి 16 ఓములు, పారలల్‌లో కలిపితే 8. ఆంప్ వెనక సెలెక్టర్ కూడా 8 మీదే ఉండాలి. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ ఆంప్‌ని ఎప్పుడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. మన దగ్గర అది మళ్లీ దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పాలా.

పక్కింటి పెద్దమ్మని ముందే వెళ్లి అడిగాను. "ఆదివారం పదకొండు నుంచి భోజనాల వేళ దాకా వాయించుకో నాయనా, నిద్రవేళకి మాత్రం ఆపెయ్" అంది. ఆ టైమ్ ఇప్పటికీ దాటను. కింద మా అమ్మానాన్నలకు ఇబ్బంది గాల్లో వచ్చే శబ్దం కన్నా స్లాబ్ గుండా దిగే అదురుతో. దానికి చీమకుర్తి నుంచి గ్రానైట్ ముక్క తెచ్చాను, మనకు ఇక్కడ గ్రానైట్‌కి కొదవేముంది, బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా ఇక్కడి నుంచే పోతుంది. రెండు అడుగులు, రెండున్నర అడుగులు, 20 ఎంఎం మందం ఉన్న కటింగ్ ముక్క పాతిక కిలోలపైనే తూగుతుంది. పాత లారీ ట్యూబు కోసి, మడతలు పెట్టి నాలుగు మూలలా వేసి, దానిమీద ఈ రాయి, రాయి మీద క్యాబ్. కింద రబ్బరు మెత్తగా, పైన బరువు ఎక్కువగా ఉంటే అదురు స్లాబ్‌కి దిగడం బాగా తగ్గుతుంది. కింద వరండాలో కూర్చునే నాన్న "ఇప్పుడు పాట వినపడుతోంది గానీ గుండె అదరడం లేదు" అన్నారు.

గోడలకు పొగాకు బేళ్లకు చుట్టే గోనె పట్టాలు, వాటి వెనక బెత్తెడు ఖాళీ వదిలి పాత దూది పరుపులు వేలాడదీశాం. ఇక్కడ ఒక సంగతి విడదీసి చూడాలి. పరుపులు గదిలో మోత తగ్గిస్తాయి, బయటికి పోయే శబ్దాన్ని ఆపవు. బయటికి పోకుండా ఆపేది గోడ బరువు, సందులు మూయడం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాని పని అది చేస్తుంది, కారేదంతా కిటికీ రెక్కల సందుల్లోంచీ తలుపు కింద ఖాళీలోంచీ. కిటికీకి మందపాటి ప్లైవుడ్ బిగించి అంచుల్లో రబ్బరు పట్టీ వేశాక తేడా కనిపించింది. ఈ కొలతల గదిలో 51, 56 హెర్ట్‌జ్‌ల దగ్గర, మళ్లీ వాటి రెట్టింపు 102, 112ల దగ్గర గాలి నిలబడి మోగుతుంది. అరచెయ్యి అంచుతో తీగని అదిమి కొట్టే పామ్ మ్యూట్ దబ్‌మనే చోటు కూడా సరిగ్గా అదే. మైక్ స్పీకర్‌కి అంగుళం దూరంలోనే ఉంటుంది కాబట్టి రికార్డింగ్‌లోకి ఇది పెద్దగా రాదు, కానీ అక్కడే నిలబడి చెవులతో విని "బాస్ ఎక్కువైంది" అని నాబులు తిప్పితే మాత్రం టోన్ తప్పుదారి పడుతుంది. అందుకే నా నాబులన్నీ పక్క గదిలో, హెడ్‌ఫోన్‌లో మైక్ సౌండ్ వింటూ తిప్పినవే.

50 బదులు 5 వాట్ల ఆంప్ కొనుక్కుంటే సరిపోయేది కదా అని చాలామంది అంటారు. పది రెట్లు తగ్గిస్తే తగ్గేది 10 డెసిబెల్స్, చెవికి సుమారు సగం అనిపిస్తుంది, అంతే. ఇంట్లో 5 వాట్ల వాల్వ్ ఆంప్ కూడా గోల గోలే. 2204లో డిస్టార్షన్ ఎక్కువభాగం ముందు వాల్వుల్లోనే పుడుతుంది కాబట్టి మాస్టర్ వాల్యూమ్ 2కీ 3కీ మధ్య పెట్టినా పని జరుగుతుంది. అంతకన్నా తక్కువలో సౌండ్ పలచబడుతుంది, స్పీకర్ కదలదు. 3 దాటితే పవర్ వాల్వులు కూడా కలిసి ఇంకా బాగుంటుంది, ఒప్పుకుంటాను, కానీ ఆ ఇంకాస్తకి పెద్దమ్మ ఓర్పు ఖర్చవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఆంప్‌లో బాస్, మిడిల్, ట్రెబుల్ నాబులు డిస్టార్షన్ పుట్టాక వస్తాయి. అంటే గిటార్ నుంచి వచ్చిన బాస్ అంతా ముందే వాల్వుల్లో దూరి, నలిగి, బురదగా మారాక మనం తగ్గిస్తున్నాం. బురదని ఎంత తగ్గించినా బురదే. కింది స్వరపు లావు తీగ మీద వేగంగా పామ్ మ్యూట్ కొడితే ఒక్కో దెబ్బ విడిగా వినపడాలంటే బాస్‌ని వాల్వుల్లోకి పోకముందే కోయాలి. ట్యూబ్ స్క్రీమర్ పెడల్ చేసే పని అదే. దాని డ్రైవ్ సున్నా, లెవెల్ పూర్తిగా, టోన్ మధ్యలో. డిస్టార్షన్ కోసం కాదు దాన్ని పెట్టేది. ఆ పెడల్ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్‌జ్ కింద నుంచి బాస్‌ని మెల్లగా వంచేస్తూ పోతుంది, మధ్య స్వరాలను ముందుకు తోస్తుంది, ఆ ఆకారంతో ఆంప్ ముందు వాల్వులను గట్టిగా కొడుతుంది. అది లేకుండా ఆంప్ గెయిన్ 9లో పెట్టి చూశాను, పెట్టి ఆంప్ గెయిన్ 5లో చూశాను, రెండోది విడిగా వింటే చిన్నగా, ముక్కుతో పాడినట్టుగా ఉంది, డ్రమ్స్‌తో కలిపితే కొండలా నిలబడింది. మొదటిది డ్రమ్స్ రాగానే మాయమైపోయింది. హెవీ టోన్‌ని ఒంటరిగా విని తీర్పు చెప్పకూడదని నేను గట్టిగా అనేది అందుకే. నా సెట్టింగ్ ఇప్పుడు బాస్ 4, మిడిల్ 6, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 4. మిడిల్ సున్నా చేసి వాయించే అలవాటు ఉన్నవాళ్లు ఒక్కసారి పెంచి, పాటతో కలిపి వినండి.

గిటార్ వైపు పెద్ద రహస్యాలేం లేవు. డ్రాప్ డీ ట్యూనింగ్, అంటే ఆ లావు తీగని డీ స్వరానికి దించడం, అది 73 హెర్ట్‌జ్. తీగలు 10 నుంచి 52 సెట్టు, సన్నవైతే గట్టిగా కొట్టినప్పుడు స్వరం పైకి జారుతుంది. ట్యూన్ చేసేటప్పుడు కూడా పాటలో ఎంత బలంగా కొడతానో అంతే బలంగా కొట్టి చేస్తాను. మనది సముద్రపు గాలి, కొత్తపట్నం తీరం ఎంతో దూరం లేదు, తీగలు చూస్తుండగానే తుప్పు పడతాయి, అక్టోబరు నుంచి వానలు మొదలైతే మెడ చెక్క కూడా కదులుతుంది. రికార్డింగ్ రోజున కొత్త తీగలు వేస్తాను, వాయించాక పొడి గుడ్డతో తుడిచి సిలికా జెల్ పొట్లాలతో కేసులో పెడతాను.

మైక్ దగ్గర నేను గడిపినంత సమయం ఇంక దేనిమీదా గడపలేదు, అంత సమయం పెట్టాల్సిందీ దానిమీదే. మైక్ షూర్ ఎస్ఎం 57, 1965 నుంచి ఉన్నది. ఎంత గోలనైనా తట్టుకుంటుంది, 5 వేల 6 వేల హెర్ట్‌జ్ దగ్గర దానికి సహజంగానే కాస్త పెరుగుదల ఉంది, గిటార్‌కి కావాల్సిన కరుకు అక్కడే ఉంటుంది. ముందు క్యాబ్ గుడ్డ మీద టార్చి వేసి స్పీకర్ మధ్య టోపీ ఎక్కడుందో చూసి చిన్న టేప్ ముక్క అంటించాం. టోపీ మధ్యకి మైక్ చూపిస్తే గాజు గీసినట్టు పదును, అంచుకి పోయేకొద్దీ మందం, చీకటి. మనకు కావాల్సింది టోపీ అంచు దగ్గర ఎక్కడో ఉంటుంది, కానీ ఆ ఎక్కడో అన్నది వేలెడంత చోటులో మారిపోతుంది. ఆంప్‌లో ఏ ఈక్వలైజర్ నాబూ చేయలేనంత మార్పు అది.

నేను గది ఇవతల హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తాను, తమ్ముడు చెవులకు మఫ్స్ పెట్టుకుని లోపల మైక్ జరుపుతాడు. మాట వినపడదు కాబట్టి తలుపు అద్దంలోంచి చేతి సైగలే, కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆగు. ఒకసారి వాడే తలుపు తీసి వచ్చి "అన్నా, అసలు ఎడమ స్పీకర్ కాకుండా కుడిదానికి పెట్టి చూద్దామా" అన్నాడు. ఒకే మోడల్, ఒకేసారి కొన్న స్పీకర్లు, అయినా కుడిది 4 వేల హెర్ట్‌జ్ దగ్గర ఈల తక్కువగా వేస్తోంది. అప్పటి నుంచి మాది కుడి స్పీకరే. గోల చేయలేని వేళల్లో ఇంకో ఉపాయం ఉంది. గిటార్ ముట్టకుండా గెయిన్ పెంచి ఉంచితే స్పీకర్లోంచి స్స్ అని హిస్ వస్తుంది కదా, హెడ్‌ఫోన్‌లో ఆ హిస్ వింటూ మైక్ జరిపితే ఎక్కడ పదునుందో, ఎక్కడ మందముందో నిశ్శబ్దంగానే తెలిసిపోతుంది. సుమారు చోటు ఇలా పట్టుకుని, ఆదివారం పదకొండుకి అసలు సౌండ్‌తో సరిచూస్తాం. దూరం అంగుళం. ఇంకా దగ్గరికి తెస్తే మైక్ స్వభావం వల్లే బాస్ పెరుగుతుంది, పామ్ మ్యూట్లు ఉబ్బుతాయి.

రెండు మైకులు కూడా చూశాను. స్వీడన్ నిర్మాత ఫ్రెడ్రిక్ నార్డ్‌స్ట్రామ్ స్టూడియో పేరుమీద ఫ్రెడ్‌మన్ పద్ధతి అంటారు, రెండు 57లు పక్కపక్కన, ఒకటి నేరుగా, ఇంకోటి ఏటవాలుగా. బాగుంటుంది, నిండుగా ఉంటుంది. చిక్కు ఏంటంటే రెండు మైకుల మూతులూ స్పీకర్‌కి ఒకే దూరంలో ఉండాలి, 17 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు బొటనవేలి మందం తేడా వచ్చినా 10 వేల హెర్ట్‌జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, టోన్ బోలుగా అయిపోతుంది. ప్రతి ఆదివారం సర్దుకుని మళ్లీ తీసేసే ఇంట్లో అంత ఖచ్చితంగా నిలబెట్టడం కష్టం. నా మట్టుకు ఒక్క మైక్, మంచి చోటు, చాలు. స్టాండ్ కాళ్ల చోట్లకి నేలమీద పెయింట్ గుర్తులు పెట్టేశాను.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్, రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. లెవెల్ పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వను. ఒక్కో రిఫ్ రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడితే అది వెడల్పు కాదు, మధ్యలోనే నిలబడి కాస్త గట్టిగా వినపడుతుంది, అంతే. రెండు టేకుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాలే ఆ వెడల్పు. అయితే ఆ తేడాలు చిన్నవిగానే ఉండాలి. పామ్ మ్యూట్ ఆగే చోటు, అదే ముఖ్యం. మొదలు అందరూ కలుపుతారు, తీగని ఆపడం కలిస్తేనే గోడలా వినపడుతుంది. ఇక్కడ కూడా తక్కువ గెయిన్ మేలు, రెండు ట్రాకులు కలిసేసరికి గెయిన్ కూడా కలిసి పెరిగినట్టే అవుతుంది. నాలుగు ట్రాకులు వేసేవాళ్లూ ఉన్నారు, వేగంగా ఉండే నా రిఫ్‌లకి రెండే స్పష్టంగా ఉంటాయి.

వారానికి రెండు గంటలే ఆంప్ మోగే ఇంట్లో ఇదంతా ఎలా కుదురుతుందంటే, వాయించేదీ మోగించేదీ వేరు చేశాను. రాత్రుళ్లు గిటార్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (సౌండ్‌ని కంప్యూటర్‌కి పంపే పెట్టె) పెట్టి, హెడ్‌ఫోన్‌లో న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సౌండ్ వింటూ వాయిస్తాను, రికార్డయ్యేది మాత్రం ఏ ఎఫెక్టూ లేని ఉత్త గిటార్ సిగ్నల్, దాన్నే డీఐ అంటారు. ఎన్నిసార్లయినా వాయించుకోవచ్చు, ఎవరికీ వినపడదు, మధ్యలో కరెంటు పోయినా లాప్‌టాప్ నడుస్తుంది. ఆదివారం ఆ డీఐని రీఆంప్ బాక్స్ గుండా ట్యూబ్ స్క్రీమర్‌కి, అక్కణ్నుంచి ఆంప్‌కి పంపితే గిటార్ నేనే అక్కడ కూర్చుని వాయించినట్టు స్పీకర్ మోగుతుంది. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి నేరుగా పెడల్‌లోకి పెడితే లెవెల్ ఎక్కువ, పైగా గ్రౌండ్ లూప్ హమ్. బాక్స్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండూ సరిచేస్తుంది. డీఐ క్లిప్ అయితే మాత్రం ఎవరూ కాపాడలేరు, అది ఒక్కటి జాగ్రత్త.

క్యాబ్ అసలు మోగించలేని రోజుల కోసం రియాక్టివ్ లోడ్ బాక్స్ కూడా ఉంది, ఆంప్‌కి స్పీకర్ ఉన్నట్టే అనిపిస్తుంది, సిగ్నల్ కంప్యూటర్లోకి పోతుంది, అక్కడ క్యాబ్ బదులు ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్, అంటే స్పీకర్, మైక్ కలిసి సౌండ్‌ని మార్చే తీరుని పట్టి ఉంచిన ఫైల్. కొనుక్కునే ఫైళ్లలో మంచివి ఉన్నాయి, కానీ నాకు మా గదిలో, మా కుడి స్పీకర్ కావాలి. మైక్ సెట్ పెద్దాయన దగ్గర ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ ఒకటి అడిగి తెచ్చుకుని, 20 హెర్ట్‌జ్ నుంచి 20 వేల దాకా పాకే స్వీప్ స్వరాన్ని క్యాబ్‌లో తక్కువ వాల్యూమ్‌తో మోగించి, అదే పెయింట్ గుర్తుల మీద నిలబెట్టిన 57తో పట్టి, దాన్నుంచి ఫైల్ తీశాను. అసలు మైక్‌తో పక్కన పెట్టి వింటే ఇంచుమించు అదే. గట్టిగా మోగినప్పుడు స్పీకర్ కాగితం నలిగే ఆ కాస్త తేడా ఫైల్లోకి రాదు, పామ్ మ్యూట్ దగ్గర దెబ్బలో అది తెలుస్తుంది. లీడ్ ట్రాకులకీ డెమోలకీ ఫైల్, రిథమ్ గిటార్లకు ఆదివారం స్పీకర్, నేను అలా పంచుకున్నాను.

మిక్సింగ్‌లో నేను చేసేది తక్కువ. 80 హెర్ట్‌జ్ కింద కోసేస్తాను, 10 వేల పైన మెల్లగా తగ్గిస్తాను, 4 వేల దగ్గర ఈల ఉంటే సన్నగా ఒక గాటు. కింది బరువు బాస్ గిటార్‌ది, దాన్ని కాస్త డిస్టార్షన్‌తో, గిటార్లతో ఒక్క ప్రాణంలా వాయిస్తేనే హెవీ గిటార్ హెవీగా వినపడుతుంది. బాస్ ట్రాక్ మ్యూట్ చేసి వినండి, మీ గిటార్ అనుకున్నదాంట్లో ఎంత దానిదో తెలుస్తుంది.

మా డ్రమ్మర్‌ది నెల్లూరు, దర్గామిట్టలో ఉంటాడు. మొన్న పూర్తయిన పాట మిక్స్ పంపితే రెండు రోజులు కార్లో విని ఫోన్ చేశాడు. "అన్నా, రెండు కాళ్లతో డబుల్ బేస్ డ్రమ్ కొట్టే చోట గిటార్ నా కాళ్లని కమ్మేస్తోంది, గెయిన్ ఇంకా తగ్గించగలవా" అన్నాడు. గెయిన్ అప్పటికే 5లో ఉంది. డీఐలు ఉన్నాయి కాబట్టి మళ్లీ వాయించే పని లేకుండా ఆదివారం అదే మైక్, అదే గుర్తులు, గెయిన్ 4లో పెట్టి రెండు ట్రాకులూ ఆంప్ గుండా మళ్లీ పంపాను. పికింగ్‌లో ఒకటి రెండు చోట్ల నా చెయ్యి బలహీనంగా పడింది బయటపడింది, ఆ బార్లు మాత్రం రాత్రికి మళ్లీ వాయించి తర్వాతి వారం మార్చాను. ఇప్పుడు పాటలో ఉన్నది ఆ గెయిన్ 4 టేకే, డ్రమ్స్‌లో ప్రతి కాలి దెబ్బా దానికింద విడిగా వినపడుతోంది.